మచిలీపట్నం బ్యాంకులు: ఎవరు, ఎప్పుడు, ఎవరికి అప్పిచ్చారు

కోనేరుసెంటర్

బందరు బ్యాంకుల కాలక్రమాన్ని తేదీలతో సహా ఒక్కచోట చేర్చాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. అందరికీ తెలిసినవి ఇవి: 1923లో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ, 1929లో భారతలక్ష్మీ బ్యాంకు, 1935లో హిందుస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్స్. అన్నిటి వెనకా డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారున్నారు. 2011 లెక్కల్లో కూడా 1.7 లక్షలు దాటని జనాభా ఉన్న ఊళ్లో పన్నెండేళ్లలో ఇన్ని సంస్థలు ఎలా పుట్టాయి?

తేలాల్సినవి మూడు. ఆంధ్రా బ్యాంకు పుట్టింది నవంబరు 20నా, 28నా? అంతకుముందు ఊళ్లో అప్పు ఎలా పుట్టేది? ఒకే బ్యాంకు అన్ని పనులూ చెయ్యకుండా వేరువేరు సంస్థలు ఎందుకు పెట్టారు?

లెడ్జరుపుట

రెండు తేదీలూ సరైనవే. కంపెనీగా రిజిస్టరైంది 1923 నవంబరు 20న. వ్యాపారం మొదలైంది నవంబరు 28న. అధీకృత మూలధనం 10 లక్షలు, చెల్లించిన మూలధనం 1 లక్ష. ఏ పాత బ్యాంకు చరిత్ర రాసినా ఈ రెండు తేదీలనూ, ఈ రెండు మూలధనాలనూ విడివిడిగా రాయాలి. పత్రికల్లో చాలాసార్లు అధీకృత మూలధనాన్నే చూపించి "10 లక్షలతో మొదలైంది" అని రాస్తారు. అది వాటాలు అమ్ముకోవడానికి ఉన్న గరిష్ఠ పరిమితి మాత్రమే. చేతికి వచ్చిన డబ్బు లక్షే.

అప్పట్లో బ్యాంకులకు ప్రత్యేక చట్టం లేదు. 1913 కంపెనీల చట్టం కిందే నూనె మిల్లూ, బ్యాంకూ ఒకే తీరుగా రిజిస్టరయ్యేవి. బ్యాంకు పెట్టాలంటే కనీసం 50,000 రూపాయల మూలధనం చేతిలో ఉండాలన్న నిబంధన 1936 సవరణతో వచ్చింది. పూర్తి స్థాయి చట్టం 1949లో వచ్చింది.

ఇంకొకటి కూడా కాలక్రమంలో చేర్చండి. 1923 ఏప్రిల్‌లోనే అలయన్స్ బ్యాంక్ ఆఫ్ సిమ్లా చెల్లింపులు ఆపేసింది. దేశమంతటా శాఖలున్న పెద్ద బ్యాంకు అది. మద్రాసు వైపు 1906లో ఆర్బత్‌నాట్ కంపెనీ కూలిన జ్ఞాపకం ఇంకా చెరిగిపోలేదు. అలాంటి ఏడాది నవంబరులో ఒక జిల్లా కేంద్రంలో వాటాలు అమ్మి లక్ష పోగుచెయ్యడం చిన్న విషయం కాదు. అందుకే నాకు ఆ లక్ష అంకె మీద గౌరవం.

దర్శనీహుండీ

అంతకుముందు సంగతి నేను రాస్తాను.

బందరు రేవు వర్తకం నడిచిన రోజుల్లో డబ్బు కదిలింది హుండీల మీద. హుండీ అంటే ఫలానా వాడికి ఇంత సొమ్ము చెల్లించమని వర్తకుడు రాసిచ్చే పత్రం. దర్శనీ హుండీ చూపించగానే చెల్లించాలి. ముద్దతు హుండీకి గడువు ఉంటుంది, 30, 60, 90 రోజుల్లాగా. గడువు దాకా ఆగలేని వర్తకుడు దాన్ని ఇంకో షావుకారుకు తగ్గింపు మీద అమ్ముకునేవాడు. ఆ తగ్గింపే వడ్డీ. ఊళ్లో నాణేలు ఒక్క రకం కాకపోవడంతో మారకం వట్టం, అంటే ఒక నాణేన్ని ఇంకోదానికి మార్చినందుకు పట్టుకునే కోత, కూడా షావుకారుకు ఆదాయమే. 1818లో మద్రాసు ప్రభుత్వం వరహాను పక్కనబెట్టి రూపాయిని ప్రమాణం చేసింది, వరహాకు మూడున్నర రూపాయల లెక్కన. దాంతో మారకం మీద బతికే వాళ్ల పని క్రమంగా తగ్గింది. 1864 నవంబరు 1 ఉప్పెన సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకుంది. రేవు మళ్లీ కోలుకోలేదు.

ఆ తర్వాత జిల్లాలో సంపద అంటే కృష్ణా ఆనకట్ట కింద మాగాణే. డబ్బు కావాల్సిన వాడు రైతు, ఇచ్చేవాడు షావుకారు, పత్రం ప్రోనోటు. ప్రోనోటుకు కాలదోషం మూడేళ్లు, అది దాటితే కోర్టుకెళ్లి వసూలు చేసుకోలేరు. అందుకని మూడేళ్లు నిండకముందే ఎంతో కొంత కట్టించుకుని నోటు వెనక చెల్లు రాయించి సంతకం తీసుకునేవారు. ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. పాత పెట్టెల్లో దొరికే నోట్ల వెనక వరసగా చిన్న చిన్న చెల్లులు కనబడేది ఇందుకే. అసలు తీరక, అప్పు బతికి ఉండటానికి రాసినవి అవి.

దివిసీమ రైతుబిడ్డ

అప్పటికే ఇంపీరియల్ బ్యాంకు, అదే తర్వాతి స్టేట్ బ్యాంకు, ఉంది కదండీ. ప్రభుత్వ ఖజానా డబ్బంతా వాళ్ల చేతిలోనే ఉండేది. మాగాణి ఉన్న రైతుకు వాళ్లెందుకు ఇవ్వలేదు?

లెడ్జరుపుట

చట్టమే ఒప్పుకోలేదు. 1876 ప్రెసిడెన్సీ బ్యాంకుల చట్టం పెట్టిన హద్దులు, 1921లో మూడు ప్రెసిడెన్సీ బ్యాంకులు కలిసి ఇంపీరియల్ బ్యాంకు అయ్యాక కూడా కొనసాగాయి. ఆరు నెలలకు మించి అప్పివ్వకూడదు. స్థిరాస్తి తనఖా మీద ఇవ్వకూడదు. జిల్లా సంపదంతా భూమి రూపంలో ఉంటే, పెద్ద బ్యాంకు భూమిని హామీగా ముట్టుకోకూడదు. వాళ్లు ఇచ్చింది సరుకు మీద, రెండు మంచి సంతకాలున్న బిల్లుల మీద. అంటే పెద్ద వర్తకులకే.

దీనికి తోడు ఇంకో చిక్కు. దస్తావేజులు బ్యాంకులో ఉంచితే చాలు, రిజిస్ట్రేషను లేకుండా తనఖా అయిపోయే పద్ధతి ఆస్తి బదిలీ చట్టంలో ఉంది. అయితే అది మొదట మద్రాసు, కలకత్తా, బొంబాయి వంటి కొన్ని నగరాలకే పరిమితం. తర్వాత ప్రభుత్వాలు నోటిఫై చేసిన పట్టణాలకు వచ్చింది. మిగతా చోట్ల ప్రతి తనఖాకూ స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చు. 200 రూపాయల అప్పుకు ఆ ఖర్చు పెట్టుకోవడం గిట్టదు. చిన్న రైతు ప్రోనోటుకే కట్టుబడిపోయింది ఇందువల్ల కూడా.

సహకారి_కృష్ణా

మొదటి పోస్టులో ఒక పెద్ద లోటు ఉంది. వరస 1923తో మొదలవ్వకూడదు, 1915తో మొదలవ్వాలి. కృష్ణా సహకార కేంద్ర బ్యాంకు ఆ ఏడాదిది. అందులోనూ పట్టాభి గారి చెయ్యి ఉంది. ఆంధ్రా బ్యాంకుకు ఎనిమిదేళ్ల ముందు సంగతి ఇది.

1915 అనే సంవత్సరం కూడా ఊరికే రాలేదు. 1904 సహకార పరపతి చట్టం ఊరి సంఘాలకే దారి ఇచ్చింది. గ్రామ సంఘంలో సభ్యుల బాధ్యత అపరిమితం. ఒకడు ఎగ్గొడితే మిగతావాళ్ల ఆస్తులూ జవాబు చెప్పాలి. సంఘాలకు పైనుంచి డబ్బిచ్చే కేంద్ర బ్యాంకు పెట్టుకునే వీలు 1912 చట్టంతో వచ్చింది. ఆ తర్వాత మూడేళ్లకే బందరులో కేంద్ర బ్యాంకు తయారైంది.

నడక ఇలా ఉంటుంది. ఊళ్లో ప్రాథమిక సంఘం, దానికి పైన జిల్లా కేంద్ర బ్యాంకు, దానికి పైన రాష్ట్ర సహకార బ్యాంకు. డబ్బు పైనుంచి కిందికి వస్తుంది, ప్రతి మెట్టు దగ్గరా కొంత వడ్డీ తేడా మిగుల్చుకుంటారు. సభ్యుడు తన అప్పులో ఒక వంతు, చాలా చోట్ల పదోవంతు, వాటాధనంగా ఉంచాలి. వెయ్యి తీసుకుంటే వంద వాటా కింద పోతుంది.

చెడిపోయే చోటు కూడా చెప్పాలి. గడువు తేదీకి రైతు దగ్గర డబ్బుండదు. ఆ రోజు ఎవరి దగ్గరో చేబదులు తెచ్చి పాత అప్పు కట్టినట్టు రాసి, సాయంత్రానికి కొత్త అప్పు మంజూరు చేసి, చేబదులు తీరుస్తారు. పుస్తకంలో వసూలు నూటికి నూరు. పొలంలో ఒక్క రూపాయి వసూలు కాలేదు. సంఘం లెక్కలు చూసేటప్పుడు వసూలు తేదీ, కొత్త అప్పు తేదీ పక్కపక్కనే ఉన్నాయా, రెండు మొత్తాలూ దగ్గర దగ్గరగా ఉన్నాయా అన్నది మొదట చూడండి. ఆ రెండూ కలిశాయంటే అది కాగితం వసూలే.

కోనేరుసెంటర్

మంచిది, వరసలో 1915 చేర్చాను. అయితే మూడో ప్రశ్న ఇంకా మిగిలింది. సహకార బ్యాంకు ఉండగా ఆంధ్రా బ్యాంకు ఎందుకు? ఆంధ్రా బ్యాంకు ఉండగా 1927లో మన జిల్లాలోని వడ్లమన్నాడు అనే పల్లెలో భూమి తనఖా బ్యాంకు ఎందుకు?

లెడ్జరుపుట

ఈ చర్చకు ఇదే కీలకమని నా అభిప్రాయం. అప్పు కాలాన్ని పట్టి చూడండి, ఎందుకో తేలిపోతుంది.

రైతుకు మూడు రకాల డబ్బు కావాలి. నారుమడి నుంచి నూర్పిడి దాకా ఎరువుకూ కూలికీ ఆరు నుంచి పన్నెండు నెలల డబ్బు ఒకటి. ఎడ్లకూ, బండికీ మూడు నుంచి ఐదేళ్ల డబ్బు ఇంకొకటి. పాత షావుకారు బాకీ తీర్చడానికీ, మెరక చెక్క మాగాణి చెయ్యడానికీ పది, ఇరవై ఏళ్ల డబ్బు మూడోది. వర్తకుడి అవసరం వీటికి పూర్తిగా వేరు. ధాన్యం కొన్నప్పటి నుంచి బియ్యం అమ్మేదాకా మూడు నాలుగు నెలలు చాలు.

ఇప్పుడు బ్యాంకుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? అడిగిన రోజు తిరిగి ఇవ్వాల్సిన డిపాజిట్ల నుంచి, లేదా ఏడాది రెండేళ్ల గడువు డిపాజిట్ల నుంచి. ఆ డబ్బును ఇరవై ఏళ్ల భూమి తనఖాలో పెడితే, పుకారు పుట్టిన రోజు కౌంటరు దగ్గర వరస కడతారు. భూమి మంచిదే, అప్పూ మంచిదే. అయినా ఆ మధ్యాహ్నానికి భూమిని నోట్లుగా మార్చలేరు. ఆ కాలపు చిన్న బ్యాంకులు చాలా వరకు మునిగింది దొంగతనం వల్ల కాదు, ఈ కాలాల పొంతన కుదరక.

అందుకే భూమి తనఖా బ్యాంకు డిపాజిట్ల మీద నడవదు. అది దీర్ఘకాలపు రుణపత్రాలు (డిబెంచర్లు) అమ్మి డబ్బు తెస్తుంది. రుణపత్రం ఇరవై ఏళ్లది, అప్పూ ఇరవై ఏళ్లది. ఊరి తనఖా బ్యాంకు ఒక్కటే రుణపత్రాలు అమ్మితే కొనేవాళ్లు తక్కువ. అందుకని 1929లో మద్రాసులో కేంద్ర భూమి తనఖా బ్యాంకు పెట్టి, అన్ని చిన్న బ్యాంకుల తరపునా అదే రుణపత్రాలు అమ్మే ఏర్పాటు చేశారు. వడ్లమన్నాడు దానికి రెండేళ్లు ముందుంది. జిల్లా చరిత్రలో ఆ పల్లె పేరు ఇంకా పెద్ద అక్షరాల్లో ఉండాల్సింది.

ఇక సహకార సంఘం పంట అప్పుకు, ఆంధ్రా బ్యాంకు వర్తకానికీ, మధ్యతరగతి పొదుపుకూ. ఇన్సూరెన్సు కంపెనీకి ప్రీమియం ఏళ్ల తరబడి వస్తూనే ఉంటుంది, చెల్లింపు ఎప్పటికో. అందుకని దాని నిధిని రుణపత్రాల్లో పెట్టొచ్చు. నాలుగు రకాల సంస్థలు, ఒక్కో కాలానికి ఒక్కోటి. అన్నీ ఒకే దుకాణంలో పెట్టకపోవడం తెలివైన పని.

మిల్లుదారి

వర్తకపు అప్పు గురించి కొంచెం వివరంగా. ధాన్యం మీద బ్యాంకు ఇచ్చేది ఎక్కువగా గోదాము తాళం అప్పు. సరుకు మిల్లుదారుడిదే, గోదాము మిల్లుదారుడిదే, తాళం మాత్రం బ్యాంకుది. గోదాము తలుపు మీద బ్యాంకు పేరు బోర్డు ఉండాలి. సరుకు విలువలో పాతిక, ముప్ఫై శాతం వదిలిపెట్టి మిగతాదానికే అప్పు. కొంత కట్టిన కొద్దీ ఆ మేరకు బస్తాలు విడుదల చేస్తారు.

పొరపాట్లు ఎక్కువగా మూడు చోట్ల. మొదటిది తేమ. నూర్పిడి కాగానే 18, 20 శాతం తేమతో ఉన్న ధాన్యాన్ని తూచి 75 కిలోల బస్తాగా లెక్క రాస్తే, ఆరి 14 శాతానికి దిగేసరికి బస్తాకు నాలుగైదు కిలోలు తగ్గుతుంది. వెయ్యి బస్తాల నిల్వలో అది నాలుగైదు వేల కిలోలు. ఎవరూ దొంగిలించకుండానే తూకం పోయిందన్నమాట. రెండోది పేర్పు. బయటి వరసల్లో ధాన్యం, లోపల ఊక బస్తాలు. అందుకని తనిఖీకి వెళ్లినవాళ్లు పైవరస దించి మధ్య బస్తాల్లో మొనగొట్టం గుచ్చి గింజ తియ్యాలి. చుట్టూ తిరిగి లెక్కపెట్టి రావడం తనిఖీ కాదు. మూడోది ధర. కొత్త పంట దిగగానే పడిపోతుంది. ఆ పడిపోయిన ధరకే విలువ కట్టాలి గాని వేసవి ధరకు కాదు.

గీటురాయి

బంగారం అప్పు వదిలేశారు. ఈ ఊళ్లో దానికి ప్రత్యేకమైన జాగ్రత్త ఉంది, ఎందుకంటే పక్కనే చిలకలపూడి. రోల్డు గోల్డు పనిలో రాగి వంటి లోహం మీద పల్చటి బంగారు రేకు పొదుగుతారు. గీటురాయి మీద గీస్తే పైపొరే కనబడుతుంది, అది నిజమైన బంగారమే. నగ చేసినవాళ్ల తప్పేమీ లేదు, వాళ్లు దాన్ని రోల్డు గోల్డుగానే అమ్ముతారు. దాన్ని బంగారమని చెప్పి తాకట్టు పెట్టేవాళ్లతోనే చిక్కు.

అందుకని ఇక్కడి షరాబులు గీటుతో ఆగరు. కొక్కెం లోపలి వైపు లాంటి కనబడని చోట ఆకురాయితో చిన్న గాటు పెట్టి, లోపలి రంగు చూసి, ఆ గాటులోంచి గీటు తీస్తారు. ఇంకో పద్ధతి నీటి తూకం. నగను దారంతో వేలాడదీసి గాలిలో ఒకసారి, నీళ్లలో మునిగి ఉండగా ఒకసారి తూచాలి. 22 క్యారెట్ల బంగారమైతే 10 గ్రాములకు తేడా సుమారు 0.56 గ్రాములు వస్తుంది. లోపల రాగి ఉంటే తేడా ఒక గ్రాము దాటుతుంది. రాళ్లు, లక్క ఉన్న నగకు ఈ లెక్క పనికిరాదు. గుండ్ల పేరులో లోపల గాలి చిక్కుకున్నా తప్పు చూపిస్తుంది. రాళ్ల బరువు, లక్క బరువు తీసేసిన నికర తూకానికే అప్పు. రసీదులో మొత్తం బరువు, నికర బరువు రెండూ రాయించుకోవాలి. విడిపించేటప్పుడు వచ్చే తగువుల్లో చాలా భాగం ఈ రెండంకెల మధ్యనే పుడతాయి.

దివిసీమ రైతుబిడ్డ

భారతలక్ష్మీ బ్యాంకు దివాలా తీసిందని కొందరంటారు. నిజమేనా?

లెడ్జరుపుట

ఆ మాట వాడకండి. 1964లో అది ఆంధ్రా బ్యాంకులో కలిసింది. బాకీలూ డిపాజిట్లూ ఆంధ్రా బ్యాంకుకు వచ్చాయి. కలిసిపోవడం వేరు, దివాలా వేరు.

ఆ కాలాన్ని చూస్తే సంగతి అర్థమవుతుంది. 1938లో ట్రావన్కోర్ నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు కూలింది, దక్షిణాదిలో చిన్న బ్యాంకులన్నిటి మీదా నమ్మకం సడలింది. 1960లో పాలై సెంట్రల్ బ్యాంకు కూలాక రిజర్వు బ్యాంకు చిన్న బ్యాంకులను పెద్దవాటిలో కలిపే పని వేగంగా చేసింది. డిపాజిట్ బీమా 1962 జనవరి 1న మొదలైంది, ఒక్కో డిపాజిటరుకు 1,500 రూపాయలు. 1993లో 1 లక్ష అయింది, 2020 ఫిబ్రవరి 4 నుంచి 5 లక్షలు.

సహకారి_కృష్ణా

దీనికి ఒక్క ముక్క కలపాలి, ఇప్పటికీ పనికొచ్చేది. జిల్లా కేంద్ర సహకార బ్యాంకులో డిపాజిట్‌కు ఆ 5 లక్షల బీమా ఉంది. ఊళ్లోని ప్రాథమిక సంఘంలో పెట్టిన డిపాజిట్‌కు లేదు. నిధి కంపెనీలకు, చీటీలకు కూడా లేదు. ఒకే ఆవరణలో రెండు బోర్డులుంటే రసీదు ఏ పేరు మీద ఇచ్చారో చూసుకోవాలి.

షావుకార్ల సంగతిలో 1938 మద్రాసు రైతు రుణ విమోచన చట్టాన్ని కూడా చేర్చండి. అసలుకు రెట్టింపు అప్పటికే కట్టిన రైతు బాకీ తీరిపోయినట్టే లెక్క. సహకార సంఘాల బాకీలను మినహాయించారు. ఆ తర్వాత ప్రైవేటు అప్పు ఇచ్చేవాళ్లు వెనకాడారు, రైతులు సంఘాల వైపు మళ్లారు.

కోనేరుసెంటర్

చివరి అంకం నేనే రాస్తాను. రాష్ట్రం ఏర్పడ్డాక ఆంధ్రా బ్యాంకు రిజిస్టర్డు ఆఫీసు హైదరాబాదు సుల్తాన్‌బజారుకు వెళ్లింది. 1969 జులై 19న జాతీయం చేసిన 14 బ్యాంకుల్లో ఇది లేదు, అప్పటి గీత 50 కోట్ల డిపాజిట్లు. 1980 ఏప్రిల్ 15న 200 కోట్ల గీత దాటిన ఆరు బ్యాంకుల్లో ఇది ఉంది. 2019 ఆగస్టు 30న విలీనం ప్రకటించారు. 2020 ఏప్రిల్ 1 నుంచి యూనియన్ బ్యాంకులో కలిసింది. పేరులోని ఆంధ్ర పోతున్నందుకు ఉద్యోగులు, జనం నిరసన తెలిపారు. బందరులో ఆ బాధ ఎక్కువగా ఉండటం సహజం. బోర్డు మీద తొలి పేరు రాసిన ఊరు ఇది.

జీవిత బీమా కంపెనీలు 1956 సెప్టెంబరు 1న ఎల్‌ఐసీలో కలిశాయి. ఎల్‌ఐసీకి మచిలీపట్నంలో డివిజను కార్యాలయం ఉంది.

పాతపెట్టె

పాత కాగితాలు ఇంట్లో దొరికితే ఏది దేనికి పనికొస్తుందో చెప్పండి. వాటా పత్రాలు, పాసు పుస్తకాలు చాలామంది దగ్గర ఉంటాయి.

లెడ్జరుపుట

వాటా పత్రం అయితే ముందు తేదీ చూడండి. 1980 ఏప్రిల్‌కు ముందుదైతే ఇప్పుడు దానికి వాటా హక్కు లేదు. జాతీయం చేసినప్పుడు వాటాదార్లకు నష్టపరిహారం ఇచ్చారు. ఊరి చరిత్రకు సాక్ష్యంగా భద్రపరచండి. 2001 పబ్లిక్ ఇష్యూలోనో, ఆ తర్వాతో కొన్నదైతే విలువ ఉంది. 1,000 ఆంధ్రా బ్యాంకు షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు. 200 ఉంటే 65. కాగితం రూపంలోనే ఉండిపోతే బ్యాంకు షేర్ల రిజిస్ట్రారును సంప్రదించి, కేవైసీ ఇచ్చి డీమ్యాట్‌లోకి మార్పించుకోవాలి. ఏడేళ్లు తీసుకోని డివిడెండు మదుపరుల రక్షణ నిధికి వెళ్తుంది. అక్కడికి వేరే దరఖాస్తు.

డిపాజిట్ అయితే, పదేళ్లు లావాదేవీ లేని ఖాతా సొమ్ము 2014లో పెట్టిన రిజర్వు బ్యాంకు నిధికి చేరుతుంది. హక్కు మాత్రం పోదు. 2023లో వచ్చిన ఉద్గమ్ పోర్టల్‌లో పేరు, బ్యాంకు ఎంచుకుని వెతకండి. ఆంధ్రా బ్యాంకు అని వెతకొద్దు, యూనియన్ బ్యాంకు కిందే చూడాలి. పాత ఖాతాల్లో పేర్ల స్పెల్లింగు, ఇంటిపేరు ముందా వెనకా అన్నది రకరకాలుగా ఉంటుంది కాబట్టి నాలుగైదు తీర్లుగా వెతకాలి. దొరికితే పాసు పుస్తకం, గుర్తింపు పత్రం, ఖాతాదారు చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం పట్టుకుని శాఖకే వెళ్లాలి. బ్యాంకు చెల్లించి, నిధి నుంచి తిరిగి రాబట్టుకుంటుంది. 1964కు ముందున్న భారతలక్ష్మీ పుస్తకమైతే చెప్పుకోవాల్సింది యూనియన్ బ్యాంకుకే. అయితే బ్యాంకులు రికార్డులు తప్పనిసరిగా ఉంచాల్సింది ఐదు లేదా ఎనిమిదేళ్లే. లెడ్జరు దొరకకపోతే పుస్తకం ఒక్కదానితో క్లెయిము నిలబెట్టడం కష్టం.

దర్శనీహుండీ

ఊరి బ్యాంకుల చరిత్ర వెతికేవాళ్లకు నా సలహా. భవనం మీద శిలాఫలకం చూసి శాఖ పుట్టిన ఏడాది రాయకండి, అది భవనం తెరిచిన తేదీ. శాఖ అంతకుముందు ఏళ్ల తరబడి అద్దె ఇంట్లో నడిచి ఉండొచ్చు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఆ ఆస్తి మీద ఈసీ, అంటే దాని మీద రిజిస్టరైన దస్తావేజుల జాబితా, తియ్యండి. అద్దె దస్తావేజో, తనఖా దస్తావేజో బ్యాంకు పేరుతో కనబడుతుంది. 1983 నుంచి కంప్యూటరులో దొరుకుతుంది, అంతకుముందుదానికి పాత సంపుటాల్లో వెతకమని దరఖాస్తు పెట్టాలి. సర్వే నంబరు, నాలుగు హద్దులు, పాత యజమాని పేరు రాసి ఇస్తేనే పని జరుగుతుంది, డోరు నంబర్లు మారిపోయి ఉంటాయి.

1929, 30లో మద్రాసు బ్యాంకింగ్ విచారణ సంఘం తీసుకున్న సాక్ష్యాలు కూడా చూడండి. వడ్డీ రేట్లు, తాకట్టు పద్ధతులు చెప్పిన మనుషుల మాటల్లోనే ఉంటాయి. కృష్ణాపత్రిక పాత సంచికల్లో బ్యాంకుల ప్రకటనలకూ ఆ విలువే ఉంది. ప్రకటనలో మూలధనం అంకె కనబడితే, అది అధీకృతమా, చెల్లించినదా అని పక్కనే రాసుకోండి.

కోనేరుసెంటర్

ఇప్పటిదాకా వరస: 1915 సహకార కేంద్ర బ్యాంకు, 1923 ఆంధ్రా, 1925 ఆంధ్రా ఇన్సూరెన్స్, 1927 వడ్లమన్నాడు తనఖా బ్యాంకు, 1929 భారతలక్ష్మీ, 1935 హిందుస్థాన్ ఐడియల్, 1956 ఎల్‌ఐసీ, 1964 విలీనం, 1980 జాతీయం, 2020 విలీనం. ఇంపీరియల్ బ్యాంకు 1955 జులై 1న స్టేట్ బ్యాంకు అయింది, అదీ చేర్చాను. కోనేరు సెంటరు చుట్టుపక్కల శాఖల పాత అద్దె భవనాల ఈసీలు ఎవరి దగ్గరైనా ఉంటే సంవత్సరం, దస్తావేజు నంబరు మాత్రం ఇక్కడ పెట్టండి. యజమానుల పేర్లు వద్దు.